సున్నపు నేలలో పులుపు

నాందేడ్ నుంచి భైంసా మీదుగా నిర్మల్‌కు వచ్చే దారిలో భోకర్ తగులుతుంది. దక్షిణాన గోదావరి, ఉత్తరాన పెన్‌గంగ, నడుమ నల్లరేగడి. 1956 నవంబరు 1 దాకా ఈ ప్రాంతమంతా హైదరాబాద్ రాష్ట్రంలోదే. రాష్ట్రాల గీతలు మారినా గీతకు అటూ ఇటూ వేసే పంటలు వేరు కాలేదు: సోయా, పత్తి, కంది, పెసర, మినుము, చలికాలంలో శనగ. ఇక్కడి మట్టిని పరీక్షకు పంపితే ఉదజని సూచిక, అదే కార్డు మీద పీహెచ్ అని రాసే గడి, సాధారణంగా ఏడున్నరకు పైనే పడుతుంది. సున్నపు గులకలు ఎక్కువున్న చేలల్లో ఎనిమిది దాటుతుంది.

అంటే ఈ నేల పులుపు ఎరగదు. కానీ ఉష్ణమండల నేలల్లో పప్పుజాతి పంటల గురించి ఏ పాఠ్యపుస్తకం తెరిచినా మొదట ఎదురయ్యేది పులుపే. నేల పుల్లబడితే వేరు బుడిపెలు కట్టవు, అల్యూమినియం విషమవుతుంది, భాస్వరం అందదు, కాబట్టి సున్నం చల్లండి. ప్రపంచంలో మంచు కప్పని నేలలో సుమారు 30 శాతం ఆమ్ల నేలలే కాబట్టి ఆ పాఠం అవసరమైనదే. దాన్ని భోకర్‌కు తెచ్చి సున్నం చల్లినవాడు మాత్రం ఉన్న రోగానికి డబ్బు పెట్టి ఇంకొంత రోగం కొనుక్కున్నట్టే. దక్కన్‌లో పప్పు పంటల కథను వెనక్కి తిరిగి చూస్తే నాకు కనిపించేది దాదాపు తలకిందులైన చిత్రం. ఇక్కడ పులుపు మొక్కకు శత్రువు కాదు. మొక్క తన వేళ్ళతో తానే తయారుచేసుకుని, సున్నం మీద ప్రయోగించే పనిముట్టు.

కథ రాయితో మొదలవుతుంది. సుమారు ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి దక్కన్ నల్లరాయి అయింది. ఆ బసాల్టులో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉన్నాయి. వాన అంతంతమాత్రంగా ఉన్నచోట ఆ కాల్షియం కొట్టుకుపోలేదు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే మాంట్‌మోరిల్లోనైట్ బంకమట్టిలో సున్నమై, గులకలై నిలిచిపోయింది. అదే నల్లరేగడి. నాందేడ్ జిల్లా తూర్పు అంచున, దెగ్లూరు, బిలోలి వైపు పోయేసరికి లావా కింది గ్రానైటు పైకి తేలుతుంది, మట్టి రంగు మారుతుంది.

అయితే నల్లరాయి పుట్టిన ప్రతిచోటా నల్లమట్టే పుట్టలేదు. బీదర్ పీఠభూమి మీద అదే లావా ఎంతో కాలం వానకు తడిసి, కాల్షియాన్నీ సిలికానూ పోగొట్టుకుని, ఇనుము, అల్యూమినియం మిగిలిన ఎర్ర లేటరైటుగా మారింది. బీదర్ కోట కందకాన్ని తొలిచింది ఆ రాయిలోనే. పక్కనున్న జహీరాబాద్ ఎర్రభూములూ ఆ కుదురువే. ఆ రాయికి లేటరైటు అని పేరు పెట్టినవాడు ఫ్రాన్సిస్ బుకానన్. కేరళలోని అంగాడిప్పురం దగ్గర చూసి, 1807లో అచ్చయిన తన ప్రయాణ గ్రంథంలో రాశాడు. ఒకే తల్లిరాయి నుంచి ఒకచోట సున్నపు నేల, ఇంకోచోట సున్నం కడిగేసిన నేల. పప్పు పంటలు ఈ రెండింటి మధ్యే బతుకు నేర్చుకున్నాయి.

దక్షిణాపథంలో మనిషి సాగుచేసిన తొలి పంటల్లో పప్పులున్నాయి. బళ్ళారి, కర్నూలు, అనంతపురం ప్రాంతాల నవీన శిలాయుగపు బూడిదదిబ్బల కాలం నాటి ఊళ్ళలో ఉలవలు, పెసలు, చిరుధాన్యాలతో కలిసి మాడిన గింజలుగా దొరికాయి. కంది కథ ఇంకా ఆసక్తికరం. దాని అడవి పూర్వీకుడు కజానస్ కజానిఫోలియస్ నేటికీ ఒడిశా, బస్తర్, ఉత్తరాంధ్ర కొండల్లో పెరుగుతున్నది. వాన ఎక్కువ, మట్టి ఎరుపు, చాలాచోట్ల పులుపు. అక్కడి నుంచి పడమరకు నడిచి క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దిలోనే బళ్ళారి దగ్గరి సంగనకల్లుకూ, విదర్భలోని తుల్జాపూర్ గఢీకీ చేరింది. అంటే పుల్లటి ఎర్రమట్టిలో పుట్టిన మొక్క మూడు వేల ఏళ్ళకు పైగా సున్నపు నల్లమట్టిలో కాపురం చేస్తున్నది. దీన్ని మామూలు విషయంగా తీసుకోకూడదని నా ఉద్దేశం. ఎందుకో కాసేపట్లో పటాన్‌చెరు దగ్గర చూద్దాం.

శాస్త్రం వైపు తిరిగితే, పులుపు మీద మొదటి గట్టి పుస్తకం అమెరికాలోని వర్జీనియాలో రాశారు. ఎడ్మండ్ రఫిన్ అనే భూస్వామి పొగాకు, మొక్కజొన్నలతో సత్తువ పోయిన తన పొలంలో 1818లో శంఖపు గుల్లలున్న సున్నపు మట్టి తోలించాడు. దిగుబడి లేచింది. 1832లో దాని మీద ఏకంగా గ్రంథం ప్రకటించాడు. నేలలో ఏదో ఆమ్లం ఉంది, సున్నం దాన్ని చంపుతోంది అన్నది ఆయన వాదన. కొలిచే సాధనం అప్పటికి లేదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ దగ్గర లాస్, గిల్బర్ట్‌లు 1856లో గడ్డిమైదానం మీద మొదలుపెట్టిన పార్క్ గ్రాస్ ప్రయోగం ఆ వాదనను కళ్ళకు కట్టింది. ఏటా అమ్మోనియం సల్ఫేటు వేసిన మళ్ళలో నేల పుల్లబడుతూ పోయి, ఉదజని సూచిక నాలుగు కంటే కిందికి దిగింది. మొదట అక్కడ కనుమరుగైనవాటిలో క్లోవర్ లాంటి పప్పుజాతి మొక్కలున్నాయి. గడ్డి మిగిలింది, పప్పు పోయింది. ఆ ప్రయోగం నేటికీ సాగుతోంది.

గడ్డి తట్టుకున్న పులుపును పప్పు మొక్క ఎందుకు తట్టుకోలేదు? జవాబు సగం 1886లో వచ్చింది. జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్‌లు పప్పుజాతి మొక్క గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల ద్వారా అందుకుంటున్నదని తేల్చారు. 1888లో హాలండ్‌కు చెందిన బైయరింక్ ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియాను విడదీసి పెంచాడు. అంటే పప్పు మొక్క ఒంటరిది కాదు. మొక్క బాగానే ఉన్నా దాని భాగస్వామి పుల్లటి మట్టిలో చచ్చిపోతే, లేదా వేరు నూగును పట్టుకోలేకపోతే, బుడిపె కట్టదు. ఆకు పాలిపోతుంది. తర్వాతి దశాబ్దాల్లో తేలినదేమంటే, ఈ జంటలో ముందుగా దెబ్బతినేది సాధారణంగా బుడిపె కట్టే ఘట్టమే. వేరూ సూక్ష్మజీవీ ఒకదాన్నొకటి గుర్తుపట్టే తొలి రోజుల్లో నేలలో కాల్షియం తక్కువై పులుపు ఎక్కువైతే ఆ పొత్తు కుదరదు.

కొలత 1909లో వచ్చింది. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో, బీరు తయారీకి అనుబంధంగా పనిచేస్తూ, సోరెన్సన్ పీహెచ్ కొలమానం రూపొందించాడు. ఏడు తటస్థం, ఒక్కో అంకె దిగితే పులుపు పది రెట్లు. ఆరుకూ అయిదుకూ తేడా ఒకటే కదా అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, మట్టి కార్డు చేతిలో పెట్టుకుని కూడా. 1918లో రోడ్ ఐలండ్‌లో హార్ట్‌వెల్, పెంబర్‌లు ఆమ్ల నేలలో అసలు విషం ఉదజని కంటే కరిగిన అల్యూమినియం కావచ్చని చూపారు. అయిదున్నర కంటే కిందికి పోతే మట్టిలోని అల్యూమినియం కరిగి వేరు కొనను మొద్దుబారుస్తుంది. మాంగనీసు మోతాదు మించుతుంది. ఇనుము, అల్యూమినియం కలిసి భాస్వరాన్ని బిగబట్టుకుంటాయి. నత్రజనిని పట్టే ఎంజైముకు కావలసిన మాలిబ్డినం మాత్రం అందకుండా పోతుంది. 1942లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఎ.జె. ఆండర్సన్ ఎకరానికి అతి స్వల్పంగా మాలిబ్డినం వేసి క్లోవర్ పచ్చికను నిలబెట్టినప్పుడు ఈ చివరి ముడి విడింది.

మన దగ్గర ఇదే కాలంలో ఏం జరిగింది? 1889లో ఇంగ్లండు నుంచి వచ్చి, 1893లో భారత వ్యవసాయం మీద నివేదిక ప్రచురించిన వోల్కర్, భారత రైతు పప్పులను ధాన్యంతో కలిపి చల్లే పద్ధతిని తీసిపారేయలేదు, మెచ్చుకున్నాడు. 1898లో ప్రభుత్వ రసాయన శాస్త్రజ్ఞుడు లెదర్ దేశపు నేలలను ఒండ్రు, నల్ల, ఎర్ర, లేటరైటు అని నాలుగు రకాలుగా విభజించాడు. 1920లో ఎన్.వి. జోషి ఇక్కడి పప్పుజాతి మొక్కల బుడిపె బ్యాక్టీరియా రైజోబియం మీద పని మొదలుపెట్టాడు. నిజాం రాజ్యంలో పర్భణి ప్రయోగ క్షేత్రం దృష్టి ఎక్కువగా పత్తి, జొన్నల మీదే ఉండేది. గావ్రాణీ పత్తికి నాందేడ్ పేరుపొందింది, పప్పులకు అంత పలుకుబడి ఎక్కడిది!

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఒక వాదం లేచింది. అది మన ప్రాంతానికి నేరుగా వర్తించకపోయినా తప్పక చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డి.ఓ. నోరిస్ 1950, 60లలో ఏమన్నాడంటే, పప్పుజాతి కుటుంబం పుట్టిందే ఉష్ణమండలపు పుల్లనేలల్లో. క్లోవర్, అల్ఫాల్ఫా లాంటివి సున్నపు నేలలకు అలవాటుపడిన మినహాయింపులు. ఆ మినహాయింపుల మీద ప్రయోగాలు చేసి, ఉష్ణదేశాల రైతుకు టన్నుల కొద్దీ సున్నం వెయ్యమనడం తప్పు. అలసంద, వేరుశనగ, కంది లాంటివాటితో పొత్తు కట్టే, నెమ్మదిగా పెరిగే రైజోబియం పులుపును బాగా ఓర్చుకుంటుందని చూపాడు. ఆయన సిద్ధాంతంలో కొంత భాగాన్ని తర్వాతి పరిశోధన కొట్టేసింది. కానీ చల్లని దేశాల పాఠాన్ని వేడిదేశాల మీద పెట్టి కుట్టకండి అన్న హెచ్చరిక నిలిచింది. దాన్ని ఇంకొంచెం సాగదీస్తే, ఒక వేడిదేశం పాఠాన్ని ఇంకో వేడిదేశం మీద కూడా పెట్టి కుట్టకూడదు.

బ్రెజిల్ సంగతి చూడండి. సెరాదో మైదానం అంతా పుల్లటి, అల్యూమినియంతో నిండిన ఎర్రనేల. పనికిరాని భూమిగా వదిలేసినది. 1973లో ఏర్పడిన ఎంబ్రాపా సంస్థ, దానితోపాటు విశ్వవిద్యాలయాలు, సున్నమూ భాస్వరమూ పోసి ఆ నేలను సోయా సముద్రంగా మార్చాయి. ఈ పనికే 2006లో పావొలినెల్లి, లొబాతో, మెక్లంగ్‌లకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. అంతకుముందే చెకోస్లొవేకియాలో పుట్టి బ్రెజిల్‌లో స్థిరపడిన జొహానా దొబెరైనర్, సోయాకు నత్రజని ఎరువు వద్దు, రైజోబియమే చాలు అని పట్టుబట్టి ఆ దేశపు విధానాన్నే మలిచింది. మన దగ్గర సోయా అంటే బ్రెజిల్ లెక్కలే చెబుతారు. అక్కడ మొదటి మెట్టు సున్నం. ఇక్కడ సున్నం ముందే ఉంది, అదే సమస్య.

మన దేశంలో ఆమ్ల నేలలు లేవని కాదు. సుమారు 4 కోట్ల 90 లక్షల హెక్టార్లున్నాయి. అందులో సగానికి పైగా అయిదున్నర లోపు పులుపువి. రాంచీ దగ్గరి కాంకేలో 1956 నుంచి నడుస్తున్న శాశ్వత ఎరువుల ప్రయోగంలో ఏళ్ళ తరబడి అమ్మోనియం సల్ఫేటు మాత్రమే వేసిన మళ్ళు పంటే పండని స్థితికి వచ్చాయి. సున్నం కలిపినవి నిలిచాయి. రోథమ్‌స్టెడ్‌లో వందేళ్ళ ముందు మొదలైన కథే. తెలుగునాట అసలైన పులుపు చూడాలంటే విశాఖ మన్యం ఎక్కాలి. చింతపల్లి, పాడేరు కొండల మీద గిరిజన రైతులు చలికాలంలో రాజ్మా వేస్తారు. ఆ పంట పులుపుకు చాలా సున్నితం, పైగా బుడిపెలు కట్టడంలోనూ వెనకబాటే. అక్కడ సున్నం మాట అర్థవంతమైనది. రాయలసీమ ఎర్రనేలల వేరుశనగది మధ్యరకం కథ. పులుపును ఓర్చుకుంటుంది గానీ ఊడలు దిగిన కాయ తన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటుంది. అందుకే పూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వెయ్యమంటారు. జిప్సం కాల్షియం ఇస్తుంది, పులుపును మార్చదు.

ఇక పటాన్‌చెరు. 1972లో హైదరాబాద్ పక్కన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు స్థలం ఎంచినప్పుడు ఒకే ఆవరణలో నల్లరేగడీ, ఎర్ర చల్కా రెండూ ఉండటం పెద్ద వరమైంది. అదే ఏడు మే నెలలో పర్భణిలో మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టింది. మహారాష్ట్రను కరవు కుదిపిన ఏడూ అదే. ఇక్రిశాట్‌లో నొరిహారు ఏ, అతని సహచరులు 1990లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం నా దృష్టిలో దక్కన్ పప్పుల మీద వచ్చిన అతి ముఖ్యమైన పరిశోధన. భాస్వరం ఎరువు వెయ్యని ఎర్రనేలలో సోయా, జొన్న, సజ్జ, మొక్కజొన్న నీరసించిపోతుంటే కంది నిలబడింది. కారణం దాని వేరు విడిచే పిసిడిక్ ఆమ్లం. ఎర్రనేలలో భాస్వరాన్ని ఇనుము పట్టుకుని ఉంటుంది. ఈ ఆమ్లం ఇనుమును పట్టి, భాస్వరాన్ని విడిపిస్తుంది. మిగతా పంటలకు అందని గడ్డను కంది పగలగొడుతోంది. ఎర్రకొండల్లో పుట్టిన మొక్క తెచ్చుకున్న పుట్టింటి విద్య ఇది.

నల్లరేగడిలో భాస్వరాన్ని పట్టుకున్నది కాల్షియం. దాన్ని విడిపించడానికి కావలసింది మామూలు పులుపే. ఆ పనిలో శనగ దిట్ట. దాని వేర్లు సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు విడుస్తాయి. ఆకులైతే మరీ పులుపు. తెల్లవారుజామున మంచుతో తడిసిన శనగచేలో పలుచని గుడ్డ పరిచి ఆ పులుపును పిండుకుని మందుల్లో, వంటల్లో వాడిన ఆనవాయితీ మన దేశంలో ఉంది.

ఇంతకీ మొక్కలే ఎందుకు కష్టపడాలి, నేల మొత్తాన్నీ మనమే పుల్లబరచకూడదా? లెక్క వేసి చూడండి. ఎకరంలో పై అరడుగు మట్టి సుమారు 850 టన్నులు. అందులో అయిదు శాతం సున్నపురాయి ఉంటే 42 టన్నులు. దాన్ని కరిగించడానికి పదమూడు టన్నులకు పైగా గంధకం కావాలి. ఎవరి తరమూ కాదు. వేరు మాత్రం ఎకరం సంగతి పట్టించుకోదు. తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన మాత్రమే పుల్లబరచుకుంటుంది, పని జరుపుకుంటుంది. నత్రజనిని గాలి నుంచి తీసుకునే పప్పు మొక్క ఆ క్రమంలో కూడా వేళ్ళ నుంచి ఉదజనిని వదులుతుంది. ఎర్ర చల్కలో ఏళ్ళ తరబడి ఇది పేరుకుంటే నేల పుల్లబడుతుంది. భోకర్ మట్టిలో సున్నం దాన్ని అప్పటికప్పుడే మింగేస్తుంది.

ఈ పోరాటంలో ఓటమి ఎలా ఉంటుందో జులై చివర్లో సోయా చేలు చూపిస్తాయి. సోయా ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. 1960లలో పంత్‌నగర్, జబల్‌పూర్ విశ్వవిద్యాలయాల ప్రయోగాలతో మొదలై, మాళ్వాలో పాతుకుని, జబల్‌పూర్ నుంచి 1994లో విడుదలైన జేఎస్ 335 రకంతో మరాఠ్వాడాను కమ్మేసింది. వానాకాలపు జొన్న, పెసర, మినుము పక్కకు జరిగాయి. నాలుగు రోజులు ముసురు పట్టి నీళ్ళు నిలిస్తే, లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇది ఇనుము లోపం. నేలలో ఇనుము లేక కాదు. నల్లరాయి నిండా ఇనుమే. పప్పుజాతి వేరు ఇనుమును అందుకునే పద్ధతి ఏమిటంటే, ముందు పులుపు విడిచి, తుప్పు రూపంలో ఉన్న ఇనుమును కరిగించి, రూపు మార్చి లోపలికి తీసుకోవడం. నీళ్ళు నిలిచిన సున్నపు మట్టిలో వేర్లూ సూక్ష్మజీవులూ వదిలిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక సున్నాన్ని కరిగిస్తుంది, బైకార్బొనేటు పెరుగుతుంది. వేరు విడిచిన పులుపు విడిచినట్టే చల్లారిపోతుంది. బుడిపెలకూ ఇనుము కావాలి. పని చేస్తున్న బుడిపెను గోటితో చీల్చితే లోపల ఎర్రగా ఉండేది ఆ ఇనుము వల్లే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే అది నత్రజని ఇవ్వడం లేదు.

చాలామంది దీన్ని పల్లాకు తెగులని పొరబడి తెల్లదోమ మందు కొడతారు. తెగులైతే ఆకు మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి ఉంటాయి, మొక్కలు అక్కడొకటి ఇక్కడొకటి పడతాయి. ఇనుము లోపమైతే పల్లంగా ఉన్న చోటంతా ఒకేసారి పాలిపోతుంది. విరుగుడు పాతదే: లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మఉప్పు 1 గ్రాము కలిపి పిచికారీ. నిమ్మఉప్పు ఎందుకని అడిగేవాళ్ళుంటారు. ఇనుమును కరిగి ఉంచడానికి. అంటే వేరు చెయ్యలేకపోయిన పనిని ఆకు మీద మనం చేస్తున్నాం. దీనికన్నా మేలైనది నీళ్ళు నిలవకుండా చూడటం. ఇక్రిశాట్ 1970లలో నల్లరేగడి కోసం రూపొందించిన వెడల్పు మడి, కాలువ పద్ధతిని ఇప్పుడు మరాఠ్వాడాలో సోయాకు బీబీఎఫ్ యంత్రంతో వేస్తున్నారు. అది నీటి యాజమాన్యంగానే ప్రచారమైంది గానీ, ఈ నేలలో పులుపు యాజమాన్యం కూడా.

ఎరువుల విషయంలోనూ పాఠాలు తిరగబడతాయి. రోథమ్‌స్టెడ్‌లో, కాంకేలో నేలను చంపిన అమ్మోనియం సల్ఫేటు పులుపు భోకర్‌లో దోషం కాదు, పైగా గంధకం వస్తుంది. భాస్వరాన్ని చేనంతా చల్లితే సున్నం పట్టేసుకుంటుంది. విత్తనం సాలు పక్కన పడితేనే వేరుకు అందుతుంది. పర్భణి విశ్వవిద్యాలయం సిఫారసు చేసే నాలుగు సాళ్ళ సోయా, రెండు సాళ్ళ కంది పద్ధతిని మార్కెట్ నష్టానికి బీమాగా మాత్రమే చూడటం తగదు. సోయా అక్టోబరుకల్లా కోతకొచ్చాక, కంది ఇంకో రెండు మూడు నెలలు లోతు మట్టిలో వేరు దించి, పై పొరకు అందని భాస్వరాన్ని ఆకుల్లోకి ఎక్కించి, రాల్చిపోతుంది. నల్లరేగడిలో పండి 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందిని చూస్తే, సున్నపు నేలతో ఈ మొక్కకు కుదిరిన సయోధ్యకు మార్కెట్లో కూడా విలువ ఉందని తెలుస్తుంది.

2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార కార్డులో పన్నెండు గడులున్నాయి. ఉదజని సూచిక ఉంది, ఇనుము ఉంది, జింకు ఉంది. మట్టిలో ఎంత శాతం సున్నం ఉందో చెప్పే గడి లేదు. ఎనిమిది అంకె పడిన రెండు చేలల్లో ఒకదానిలో రెండు శాతం సున్నం, మరొకదానిలో పది శాతం ఉండవచ్చు. మొదటిదానిలో సోయా గట్టెక్కుతుంది, రెండోదానిలో ఏటా పసుపెక్కుతుంది. ఆ పరీక్ష ఏ ప్రయోగశాలకైనా కొత్తది కాదు, ఖరీదైనదీ కాదు. భోకర్, భైంసా, ముధోల్ లాంటి చోట్ల మట్టి ఇచ్చేటప్పుడు రైతు అడిగి చేయించుకోవలసిన పదమూడో అంకె అదే.